జానెడు పేగు: ఆంత్రమూలం గురించి మన పెద్దల కోసం

మా సంఘం గదికి వచ్చే పెద్దల చేతిలో రెండు రకాల కాగితాలు ఉంటాయి. పింఛను, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్ల అర్జీలు ఒక రకం. ఆసుపత్రి రిపోర్టులు రెండో రకం. గుమాస్తాగిరీ చేసి రిటైరైన వాళ్ళం కాబట్టి మొదటి రకం మాకు కొట్టిన పిండి. రెండో రకం విషయంలో మేము వైద్యులం కాము, మందు చెప్పము. ఇంగ్లీషులో ఉన్నది చదివి, ఏ మాటకు ఏది అర్థమో చెప్పి, డాక్టరుగారిని ఏమి అడగాలో ఒక చీటీ మీద తెలుగులో రాసి పంపుతాము. అంతవరకే మా పని.

ఇలా వచ్చే రిపోర్టుల్లో ఓ.జి.డి. స్కోపీ ఒకటి. నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూసే పరీక్ష. ఓ అంటే అన్నవాహిక, జి అంటే జీర్ణాశయం, డి అంటే డుయోడినం. రిపోర్టు చివర ‘డి1, డి2 నార్మల్’ అని ఉంటుంది, లేదా ‘డి1లో అల్సర్’ అని ఉంటుంది. ఈ డుయోడినం చిన్నపేగులో మొట్టమొదటి భాగం. తెలుగు పాఠ్యపుస్తకాలు దీన్ని ఆంత్రమూలం అన్నాయి. మన పిల్లలు తమిళ మీడియంలో చదివితే మున్‌సిరుకుడల్ అంటారు. హిందీలో గ్రహణి. పేరు ఏదైనా వస్తువు ఒకటే, దాని మీద నాలుగు మాటలు తెలిసి ఉండటం అవసరమని మాకు గట్టిగా తోచింది. ఎందుకంటే అరవై దాటిన వాళ్ళకు కడుపులో వచ్చే పెద్ద ప్రమాదాల్లో చాలావాటి గుట్టు ఈ చిన్న ముక్కలో ఉంది. ఆ ప్రమాదాల గుర్తులు మనం పరభాష డాక్టరుకు సరిగా చెప్పలేకపోతున్నాం.

ముందు పేరు సంగతి. దాదాపు 2300 సంవత్సరాల క్రితం అలెగ్జాండ్రియా నగరంలో హెరోఫిలస్ అనే గ్రీకు వైద్యుడు మృతదేహాలను కోసి చూసి, ఈ ముక్క పన్నెండు వేళ్ళ వెడల్పు ఉందని దానికి ఆ పేరే పెట్టాడు. అరబ్బులు ఆ పేరును తమ భాషలోకి మార్చుకున్నారు. వాళ్ళ దగ్గర నుంచి లాటిన్‌లోకి వెళ్ళి డుయోడినం అయింది. జర్మన్లు ఇప్పటికీ ‘పన్నెండు వేళ్ళ పేగు’ అనే పిలుస్తారు. మన పాత కొలతల్లో పన్నెండు అంగుళాలు, అంటే పన్నెండు వేళ్ళ వెడల్పు, ఒక జాన. కనుక దీన్ని మనం జానెడు పేగు అనుకోవచ్చు. జానెడు పొట్ట కోసం ఎన్ని పాట్లు అని మనవాళ్ళు అంటారు కదా, ఆ జాన ఇక్కడ అక్షరాలా సరిపోయింది. ఇప్పటి కొలతలో సుమారు 25 సెంటీమీటర్లు. చిన్నపేగు మొత్తం ఆరు మీటర్ల దాకా ఉంటుందని లెక్క. అందులో ఇది ఏ మూలకు!

ఎక్కడ ఉందో చూద్దాం. రొమ్ము ఎముక కింది కొసకూ బొడ్డుకూ మధ్య చెయ్యి పెట్టి కొంచెం కుడికి జరపండి. చర్మం కింద కాదు, చాలా లోతున, వెన్నెముకకు దగ్గరగా ఉంటుంది. ఇంగ్లీషు సి అక్షరం ఆకారం. ఆ సి ఒడిలో క్లోమం తల పడుకుని ఉంటుంది. క్లోమం అంటే ప్యాంక్రియాస్, తమిళంలో కణయం. మిగతా చిన్నపేగు కడుపులో వదులుగా కదులుతూ ఉంటుంది. ఆంత్రమూలం మాత్రం మొదటి అంగుళం తప్ప కడుపు పొరకు వెనకాల, వీపు వైపు అతుక్కుని కదలకుండా ఉంటుంది. అందుకే ఇక్కడి నొప్పి ఒక్కోసారి వీపులోకి పాకుతుంది. వీపు నొప్పి అని మనం తైలం రాసుకుని కూర్చుంటాం.

వైద్యులు దీన్ని నాలుగు భాగాలు చేశారు. డి1 అడ్డంగా, డి2 నిలువుగా కిందికి, డి3 వెన్నెముక మీదుగా కుడి నుంచి ఎడమకు, డి4 కాస్త పైకి. మామూలు ఎండోస్కోపీ డి2 వరకే వెళుతుంది. కాబట్టి ‘డి1, డి2 నార్మల్’ అంటే మొత్తం పేగు బాగుందని కాదు, చూసినంత మేర బాగుందని. మావాళ్ళు చాలామంది ఆ ఒక్క వాక్యం చూసి లోపల అంతా బాగుందనుకుని రిపోర్టు బీరువాలో పెట్టేస్తారు.

డి1 సుమారు 5 సెంటీమీటర్లు. జీర్ణాశయం చివర పైలోరస్ అనే కండరపు తలుపు ఉంటుంది. అది కొద్దికొద్దిగా తెరుచుకుంటూ ఆమ్లంలో నానిన అన్నాన్ని ఇటు వదులుతుంది. జీర్ణాశయం గోడ ఆమ్లానికి అలవాటు పడ్డది. పేగు గోడ కాదు. అందుకని డి1 గోడలో బ్రన్నర్ గ్రంథులు అనేవి ఉంటాయి, అవి క్షారగుణం ఉన్న జిగురును ఊరుస్తూ గోడకు పూత పూస్తుంటాయి. ఆ పూత పలచబడినా, ఆమ్లం జోరు ఎక్కువైనా ముందు దెబ్బ తినేది ఇక్కడే. ఆంత్రమూలంలో పుండ్లు దాదాపు అన్నీ ఈ మొదటి భాగంలోనే వస్తాయి.

పుండు ఏ గోడకు వచ్చిందన్నది పెద్ద తేడా. ముందు గోడకు వస్తే దాని అవతల ఖాళీ కడుపు ఉంది. పుండు లోతై చిల్లు పడితే ఆమ్లం, అన్నం కడుపులోకి చిమ్ముతాయి. కత్తితో పొడిచినట్టు ఒక్కసారిగా నొప్పి, కడుపు చెక్కలా బిగుసుకుపోవడం, కదిలితే భరించలేకపోవడం దీని గుర్తులు. ఇది గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. వెనక గోడకు వస్తే దాని అవతల గ్యాస్ట్రోడుయోడినల్ అనే రక్తనాళం ఆనుకుని ఉంది. పుండు దాన్ని తొలిస్తే రక్తం పేగులోకి పడుతుంది. అప్పుడు కడుపు బిగుసుకోదు, పెద్ద నొప్పి కూడా ఉండకపోవచ్చు. కళ్ళు తిరగడం, చెమటలు, కాఫీ పొడి లాంటి వాంతి, తారులా నల్లటి మలం, ఇవే కనిపిస్తాయి. ఒకే పుండు, రెండు గోడలు, రెండు వేరువేరు జబ్బులు. పొరుగు ఎవరన్నదాన్ని బట్టి కథ మారుతుంది.

మామూలు పుండు నొప్పికీ ఒక తీరు ఉంది. అన్నం తిన్న రెండు మూడు గంటలకు, లేదా అర్ధరాత్రి దాటాక మంట లేపుతుంది. ఏదో ఒకటి తింటే, పాలు తాగితే కాసేపు తగ్గుతుంది. అందరిలోనూ ఇలాగే ఉండాలని లేదు. ముఖ్యంగా వయసు మళ్ళినవాళ్ళలో ఏ మంటా లేకుండా నేరుగా రక్తస్రావంతోనే బయటపడవచ్చు.

దక్షిణ దేశంలో ఈ పుండుకు పెద్ద చరిత్రే ఉంది. ఎవరెస్టు ఎక్కడానికి 1922లోనూ 1924లోనూ వచ్చిన బ్రిటిష్ బృందాల్లో హోవర్డ్ సోమర్వెల్ అనే సర్జన్ ఉండేవాడు. 1922 యాత్ర అయ్యాక దేశం చూస్తూ దక్షిణానికి వచ్చి, అప్పటి తిరువాంకూరులోని నెయ్యూరు మిషన్ ఆసుపత్రిలో రోగుల గుంపును చూసి, అక్కడే ఉండిపోయాడు. నెయ్యూరు ఇప్పుడు తమిళనాడులో కన్యాకుమారి జిల్లాలో ఉంది. అక్కడ ఆయన చేతిమీదుగా పెద్ద సంఖ్యలో జరిగిన ఆపరేషన్లలో ఆంత్రమూలం పుండు ఒకటి. 1948లో జీర్ణాశయం, ఆంత్రమూలాల శస్త్రచికిత్స మీద పుస్తకం రాశాడు. తర్వాత వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాఠం చెప్పాడు. మైసూరులో పనిచేసిన మరో సర్జన్ ఫ్రాంక్ టోవీ, భారత్‌లోనూ బంగ్లాదేశ్‌లోనూ ఈ పుండు ఎక్కడెక్కడ ఎక్కువో చూసి 1979లో ఒక వ్యాసం ప్రచురించాడు. బియ్యం తినే ప్రాంతాల్లో ఎక్కువ, ముడి గోధుమ, చిరుధాన్యాలు తినే చోట తక్కువ అని ఆయన గమనించాడు. రాగిముద్ద తినే హోసూరు, కోలారు వైపు మన పాఠకులు ఇది చదివి మీసం తిప్పుకుంటారని తెలుసు. కానీ తొందరపడవద్దు, అసలు దోషి తర్వాత దొరికింది.

ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి దీనికి ముఖ్య కారణమని చూపించారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. దీనికి పరీక్షలున్నాయి. ఊపిరితో చేసేది, మలంతో చేసేది, ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి చేసేది. ఉందని తేలితే యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గించే మందు కలిపి సాధారణంగా రెండు వారాల కోర్సు ఇస్తారు. మూడో రోజుకు మంట తగ్గింది కదా అని మానేస్తే క్రిమి చావదు, పైగా మందుకు లొంగకుండా తయారవుతుంది. మిరపకారం మంట పెంచవచ్చు గానీ పుండు పుట్టించేది అది కాదని ఇప్పటి వైద్యం మాట. ఆవకాయ మీద నింద కొంత తగ్గింది.

రెండో దోషి మన ఇంట్లోనే ఉంది. మోకాళ్ళ నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ జాతి మందులు ఆ జిగురు పూతను పలచబరుస్తాయి. మందుల షాపులో చీటీ లేకుండా ‘నొప్పికి ఒక సెట్టు’ అని కాగితం పొట్లంలో కట్టి ఇచ్చేవాటిలో ఇవి ఉండవచ్చు. నెలల తరబడి అవి మింగుతున్నవారు మాలో చాలామంది ఉన్నారు. ఆ మాత్ర పేరు డాక్టరుకు చెప్పండి, పేరు తెలియకపోతే పొట్లమే తీసుకెళ్ళండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవారు మాత్రం ఈ వ్యాసం చదివి సొంతంగా ఆపవద్దు. అది డాక్టరు తేల్చవలసిన విషయం.

ఇక డి2. మా దృష్టిలో మొత్తం పేగులో ఇంత రద్దీ ఉన్న కౌంటరు ఇంకొకటి లేదు. ఎనిమిది పది సెంటీమీటర్ల ఈ నిలువు ముక్క లోపలి గోడకు మధ్యలో ఒక చిన్న బొడిపె ఉంటుంది. కాలేయం నుంచీ పిత్తాశయం నుంచీ వచ్చే పైత్యరసపు గొట్టం, క్లోమం నుంచి వచ్చే గొట్టం, రెండూ సాధారణంగా ఆ బొడిపె దగ్గర కలిసి ఒకే రంధ్రం గుండా పేగులో పడతాయి. ఆ కలిసే చోటును యాంపుల్లా ఆఫ్ వేటర్ అంటారు. వడ్డించే వేటర్ కాదు, 1720లో దాన్ని వర్ణించిన జర్మన్ శాస్త్రవేత్త అబ్రహాం వాటర్ పేరు అది. చేసే పని మాత్రం వడ్డనే. రంధ్రం చుట్టూ ఒక కండరపు ఉంగరం బిగించి ఉంటుంది. 1887లో ఇటలీలో ఓడి అనే వైద్య విద్యార్థి దాన్ని వివరించాడు. అన్నం వచ్చినప్పుడు ఉంగరం వదులవుతుంది, లేనప్పుడు బిగుస్తుంది.

అన్నం వచ్చిందని క్లోమానికి ఎలా తెలుస్తుంది? 1902 వరకు నరాల ద్వారా కబురు వెళుతుందనే నమ్మేవారు. ఆ ఏడాది లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఒక కుక్కలో పేగు ముక్కకు నరాలన్నీ కోసేసి, అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమం రసం ఊర్చింది. పేగు గోడ నుంచి ఏదో రక్తంలో కలిసి క్లోమానికి చేరుతోందని తేల్చి దానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. హార్మోన్ అనే మాట పుట్టింది ఈ పరిశోధన నుంచే, 1905లో. కార్యాలయ భాషలో చెప్పాలంటే అందరూ కబురు తంతిలో పోతోందనుకుంటే అది టపాలో పోతోంది. ఆ టపాకు బదులుగా క్లోమం రోజుకు లీటరుకు పైగా క్షార రసం పంపి ఆమ్లాన్ని చల్లారుస్తుంది.

ఒకే రంధ్రం కావడంతో ఇబ్బందీ ఉంది. పిత్తాశయంలోని చిన్న రాయి జారి ఇక్కడ ఇరుక్కుంటే రెండు గొట్టాలూ ఒకేసారి మూసుకుపోవచ్చు. పైత్యం వెనక్కి తన్ని కామెర్లు, క్లోమం రసం వెనక్కి తన్ని క్లోమం వాపు. ఈ.ఆర్.సి.పి. అనే పద్ధతిలో నోటిగుండా గొట్టం దించి, డి2లో ఈ బొడిపెను వెతికి, ఉంగరాన్ని కొద్దిగా కోసి రాయిని లాగుతారు. పొట్ట కోయరు. ఎండోస్కోపీ విద్యలో ప్రపంచమంతా పేరున్న వైద్యుల్లో హైదరాబాద్ డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డిగారు ఒకరు, 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. మనవారు కాబట్టి చెప్పుకున్నాం.

రాయి కాకుండా క్లోమం తలలోనో, బొడిపెలోనో గడ్డ వచ్చినా ఇదే దారి మూసుకుంటుంది. అప్పుడు వచ్చే కామెర్లలో మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. కళ్ళు పసుపు, మూత్రం ముదురు రంగు, ఒంటికి దురద, మలం సున్నం కలిపినట్టు తెల్లగా. మలానికి రంగు ఇచ్చేది పైత్యం, అది పేగులోకి రావడం ఆగిపోయింది కాబట్టి తెలుపు. మన ఊళ్ళలో కామెర్లంటే ముందు పసరు మందు. కాలేయం వాపు కామెర్లు కొన్ని వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. గొట్టంలో అడ్డం పడ్డదాన్ని ఏ పసరూ తొలగించదు. మలం తెల్లబడితే పథ్యం మొదలుపెట్టే ముందు స్కానింగ్ చేయించాలి. ఈ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం రాయవచ్చనిపించింది.

ఇక్కడే మన భాషలో ఒక చిక్కుంది. తెలుగులో పచ్చ అంటే రెండు రంగులు. పచ్చకామెర్లలో పచ్చ పసుపు, పచ్చగడ్డిలో పచ్చ ఆకుపచ్చ. తమిళంలో పచ్చై అంటే ఆకుపచ్చ ఒక్కటే, పసుపు మంజళ్. అమ్మమ్మ ‘పచ్చగా కక్కుతున్నాడు’ అంటే డాక్టరుకు ఒక రంగు అర్థమవుతుంది, ఆమె చూసింది ఇంకొకటి కావచ్చు. డి2 తెలిసినవారికి ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. బొడిపెకు పైన, అంటే పైలోరస్ దగ్గరో డి1లోనో పాత పుండు మానిన మచ్చ వల్ల దారి ఇరుకైతే, వాంతిలో పుల్లటి వాసన, నిన్నటి అన్నం మెతుకులు ఉంటాయి గానీ పైత్యం ఉండదు. బొడిపెకు దిగువన అడ్డు పడితే పైత్యం కలిసి ఆకుపచ్చగా వస్తుంది. పుట్టిన కొద్దిరోజుల పసివాడు ఆకుపచ్చగా వాంతి చేసుకుంటే పేగు మెలిపడి ఉండవచ్చు, తెల్లవారేదాకా ఆగే పని కాదు. అందుకని రంగు మాటలు ఇక్కడ రాస్తున్నాం. పసుపు, ఆకుపచ్చ అనేవి వరసగా తమిళంలో మంజళ్, పచ్చై. కన్నడంలో హళది, హసిరు. మరాఠీలో పివళా, హిరవా. ఒడియాలో హళదియా, సబుజ. యానాం వారికి ఈ బెడద లేదు గానీ, వారైనా ‘ఆకుపచ్చ’ అని నిండుగా చెబితే మేలు. ఇంకా మంచిది, వాంతి పడిన గుడ్డనే చూపించడం.

డి3 గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అది వెన్నెముకకు ముందుగా పోతుంది. దాని వెనక శరీరంలోని అతి పెద్ద ధమని, ముందు పేగులకు రక్తం తెచ్చే మరో ధమని. రెండింటి మధ్య ఇరుకు సందులో పేగు. పిల్లలు సైకిల్ మీంచి పడి హ్యాండిల్ కడుపులో గుచ్చుకుంటే ఈ ముక్క వెన్నెముకకు నొక్కుకుని నలుగుతుంది. వెనకాల ఉన్నది కాబట్టి కడుపు వెంటనే బిగుసుకోదు. పైన గీత కూడా పడలేదని వదిలేస్తే మర్నాడో ఆ మర్నాడో వాంతులు మొదలవుతాయి. అప్పుడు పడిన సంగతి డాక్టరుకు మొదటే చెప్పాలి.

డి4 రెండు మూడు సెంటీమీటర్లే. దాని కొసను ట్రైట్జ్ అనే కండర బంధం పైకి పట్టి ఉంచుతుంది. అక్కడ మలుపు తిరిగితే జెజునం మొదలు. ఆ మలుపు వైద్యులకు సరిహద్దు రాయి లాంటిది. రక్తస్రావం దానికి పైనా, కిందా అన్నదాన్ని బట్టి పరీక్షలు మారతాయి. పైన కారిన రక్తం అంత పొడవు పేగు దాటి వచ్చేసరికి అరిగి నల్లబడి, తారులా జిగటగా, ఘాటు వాసనతో బయటికి వస్తుంది. ఐరన్ మాత్రలు వేసుకునేవారికి కూడా నల్లగానే వస్తుంది. ఏది ఏదో ఇంట్లో తేల్చవద్దు, మాత్రల సంగతి కూడా కలిపి చెప్పండి.

చెప్పడమే మనవాళ్ళకు కష్టం. పక్కన దుబాసీగా కోడలో, మనవడో ఉంటారు. వాళ్ళ ముందు విరేచనం రంగు చెప్పడానికి పెద్దాయనకు సిగ్గు. ‘గ్యాస్’ అని సరిపెట్టి వస్తాడు. మలం అన్న మాట తమిళ, కన్నడ, మరాఠీ డాక్టర్లందరికీ అర్థమవుతుంది. నలుపుకు తమిళంలో కరుప్పు, కన్నడంలో కప్పు, మరాఠీలో కాళా, ఒడియాలో కళా. రెండు మాటలు సొంతంగా పలికితే దుబాసీ అక్కర్లేదు. అదీ కాదంటే చీటీ రాసి ఇవ్వండి, సిగ్గు కాగితానికి ఉండదు.

ఒక్క సంగతి మిగిలింది. మనం తినే ఆహారంలోని ఇనుము ఎక్కువగా ఒంటికి పట్టేది ఈ జానెడు పేగులోనే, దాని తర్వాతి మొదటి కొంత భాగంలోనే. సున్నపు ధాతువు, అంటే కాల్షియం, పట్టడంలోనూ దీనికి పెద్ద వాటా ఉంది. వెనకటి రోజుల్లో పుండుకు మంచి మందులు లేనప్పుడు, ఆంత్రమూలాన్ని పక్కన పెట్టి జీర్ణాశయాన్ని నేరుగా జెజునానికి కుట్టే ఆపరేషన్ చేసేవారు. సోమర్వెల్ కాలం నుంచి మొన్నమొన్నటి దాకా దక్షిణాన ఇది మామూలే. బొడ్డుకు పైన నిలువు మచ్చ ఉన్న డెబ్బై ఎనభై ఏళ్ళ పెద్దలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. అన్నం ఆ దారిన పోవడం మానేసింది కాబట్టి వారికి ఏళ్ళు గడిచేకొద్దీ రక్తహీనత, ఎముకల బలహీనత రావచ్చు. ఆయాసం, నీరసం వయసు వల్లనేనని ఇంట్లో అనుకుంటారు. అలాంటివారు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ మచ్చ చూపించి ‘అల్సర్ ఆపరేషన్’ అని, ఏ ఏట జరిగిందో గుర్తున్నంత వరకు చెప్పాలి. పాత డిశ్చార్జి కాగితం ట్రంకుపెట్టెలో ఉంటే మా గదికి తీసుకురండి, రెండు జిరాక్సులు తీసి, ఒకటి మీకిచ్చి, ఒకటి మీ పేరు మీద ఫైల్లో పెడతాం.